ఒక్క గుక్కకే థాంక్స్

అలా పక్కకి నెట్టేస్తే ఎలా డాక్టరమ్మా? ఆ మూడు ట్యూబులూ మీకు చూపించడానికేగా ఇంత ఎండలో బస్సెక్కి వచ్చింది! పిల్ల నోట్లో అద్దం పెట్టి చూశారు, గాలి ఊదారు, అది కుర్చీలోంచి ఎగిరిపడింది. పళ్ళు జివ్వుమంటున్నాయని నేను ముందే చెప్పాగా, మళ్ళీ గాలి ఊదడం దేనికి? ఎందుకు జివ్వుమంటున్నాయో అది రాయండి. తేల్చే శ్రమ కూడా మీకక్కర్లేదు, నేనే తేల్చేశాను. మీరు కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, కింద ముద్ర కొట్టిస్తే చాలు.

ఏమనా? "యెరుతి అనే ఈ పిల్ల పళ్ళు పాడైంది లూకే ఆవిడ తెచ్చిన పేస్టు వల్లే" అని. అంతే.

లూకే ఆవిడంటే మా అబ్బాయి రెండో పెళ్ళాం, లూకే ఊరిది. మా డెర్లిస్ మొదటి పెళ్ళాం నిల్దా పోయేనాటికి ఈ పిల్లకి రెండేళ్ళు. అప్పట్నుంచి ఆరేళ్ళపాటు నేనే పెంచాను. ఒక చేత్తో లేసు అల్లుకుంటూ, ఇంకో చేత్తో దీన్ని జోకొడుతూ పెంచాను. ఇప్పుడు చూడండి, వీళ్ళ పెళ్ళై పట్టుమని ఏడాది కాలేదు, ఫిబ్రవరిలో బడి తెరిచేలోగా పిల్లని లూకే తీసుకుపోతారట! సోమవారం మునిసిపాలిటీలో పిల్లల ఆఫీసు వాళ్ళ ముందు అందరం కూర్చోవాలి. అక్కడ నోటిమాటలు చెల్లవు, కాగితం ఏదైనా ఉంటే తెచ్చుకోమన్నారు. అందుకొచ్చాను.

మొదట్నుంచీ చెప్పమంటారా? పిల్ల వరండాలోకి వెళ్ళిందిగా, చెప్తా. మీరు ఆ పెన్ను మాత్రం కింద పెట్టకండి.

అక్టోబర్ మొదటి వారం. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. మామిడిచెట్టు కింద కూర్చున్నాం, నేనూ, పక్కింటి పస్తోరా, పిల్లా. కూజా నిండా ఐసు. కొమ్ము గ్లాసులో ఆకు వేసి, ఐసునీళ్ళు పోసి తెరెరే నేనే అందిస్తున్నా. పిల్లకి ఇష్టమని ఐసునీళ్ళలో పంపరపనస రసం కూడా పిండాను, అదంటే దానికి ప్రాణం. ఆకు నానాక కొమ్ము దాని చేతికిచ్చా. గొట్టం పెదాలకి తాకిందో లేదో, ఒక్క గుక్క, అంతే. కొమ్ము నాకు తిరిగిచ్చేసి "థాంక్స్ నానమ్మా" అంది!

మీరు నవ్వుతున్నారా? మీరు అసున్సియోన్‌లో చదువుకున్నవాళ్ళు, అక్కడి మర్యాదలు ఇప్పుడెలా మారాయో నాకు తెలీదు. మా ఇటౌగువాలో మాత్రం గుండ్రంగా కూర్చున్నాక అందరికీ కొమ్ము ఒకటే, గొట్టం ఒకటే. మన వంతు తాగామా, నోరు మూసుకుని పోసేవాళ్ళకి తిరిగిచ్చామా, అంతే. థాంక్స్ అన్నామంటే, చాలు, ఇక నీ చేతి నీళ్ళు ముట్టను అని అర్థం. పదిసార్లు తాగి కడుపు ఉబ్బాక అనే మాట అది. ఎనిమిదేళ్ళ పిల్ల, మొదటి వంతులో, ఒక్క గుక్కకే అనేసింది!

నేను పస్తోరా కేసి చూశా. పస్తోరా నా కేసి చూసింది. "ఏమే దియోలిందా, పిల్ల మనసు ఎవరో విరిచేశారే. ముసలిదాని ఎంగిలి గొట్టం నోట్లో పెట్టుకోకని ఎవరో నూరిపోశారు" అంది. ఎవరో అంటూ రోడ్డు కేసి చూసింది. లూకే బస్సు వచ్చేది ఆ రోడ్డు మీదే.

మర్నాడూ అదే. ఆ మర్నాడు అసలు కూర్చోనే లేదు. "ఆకలిగా లేదు నానమ్మా" అంటుంది. తెరెరేకి ఆకలితో పనేంటమ్మా?

అప్పట్నుంచి కనిపెట్టడం మొదలుపెట్టా. నా కళ్ళు కప్పడం అంత తేలిక కాదు. పొద్దున పాలు కలిపిన వేడి కోసీదో ఇస్తే చల్లారిందాకా అలా చూస్తూ కూర్చుంటుంది. చిపా రొట్టె ఇస్తే ఒక్క దవడతోనే, అదీ గుడ్డముక్క నమిలినట్టు నములుతుంది. నా చేతి చిపా! ఊళ్ళో వాళ్ళు పొయ్యి దగ్గర నిలబడి పట్టుకెళ్ళే చిపా! గాలి వీస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఏదైనా అడిగితే పెదాలు విప్పకుండా ఊఁ అంటుంది. నన్ను చూసి నవ్వడం మానేసింది డాక్టరమ్మా. ఆరేళ్ళు పెంచిన పిల్ల నన్ను చూసి నోరు తెరిచి నవ్వడం మానేస్తే నేనేమనుకోవాలి?

అదే అనుకున్నా. పిల్లని నా నుంచి లాగేస్తున్నారని.

ఆవిడ సంగతి వినండి. ప్రతి శనివారం దిగుతుంది. "అత్తయ్యా, యెరుతిని అలా ఐస్‌క్రీంకి తీసుకెళ్ళొస్తా" అంటుంది. గంటలో వస్తానంటుంది, గంటలోనే వస్తుంది. ఆ అక్టోబర్ శనివారం మాత్రం నాలుగు గంటలు పట్టింది! ఐస్‌క్రీం తినడానికి నాలుగు గంటలా? ఆవుని కొని, పాలు పితికి చేశారా ఏంటి? పిల్ల కళ్ళు చూస్తే ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. ఏమైందే అంటే ఏం లేదంది. ఆవిడనడిగితే ఆవిడా ఏం లేదంది. సంచీలోంచి ఈ మొదటి డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "పొద్దునా సాయంత్రం దీంతో తోమిస్తే మంచిది అత్తయ్యా. లోపల అంతా రాసుంది" అంది. ఇంకో ముక్క మాట్లాడలేదు. బస్సెక్కి వెళ్ళిపోయింది.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను పన్నెత్తి ఒక్క మాట అనలేదు. నా అనుమానమంతా అదే! అత్తని ఒక్క మాటా అనని కోడలు ఎక్కడైనా ఉంటుందా? నేను ఎన్నన్నానో! వంట ఉప్పగా ఉందన్నాను, నడక సరిగా లేదన్నాను, నిల్దా గదిలో అడుగుపెట్టొద్దన్నాను. తలూపుతుంది. అంత మెత్తగా ఉన్న మనిషి లోపల ఏదో పెట్టుకునే ఉంటుంది.

పస్తోరా ఆ ట్యూబుని దూరం నుంచే చూసి, "ముట్టుకోకే, ఇందులో మందు పెట్టి ఉంటుంది" అంది. లూకే ఆవిడ మేనత్త ఒకామె అలాంటి పనులు చేసేదట. నిజమో అబద్ధమో నాకు తెలీదు. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

ఏంటీ? ఇది పళ్ళు జివ్వుమనకుండా ఇచ్చే మందా?

అదేగా నేనూ మొత్తుకుంటోంది, మందు పెట్టిందని!

నవ్వకండి. మీకు నవ్వుగానే ఉంటుంది. మీ ఇంటిపేరు బోర్దోన్ కదూ? తలుపు మీదుంది. లూకేలో బోర్దోన్‌లు బోలెడుమంది. ఆవిడ తరఫువాళ్ళు కాదు కదా మీరు? ... కాదా. విల్యారికా నుంచా. సరే, నమ్ముతున్నా. ప్రస్తుతానికి.

థాంక్స్ అన్నది ముందా, ట్యూబు తెచ్చింది ముందా అంటే ఎలా చెప్పను? రెండూ ఆ వారమే. థాంక్స్ మంగళవారం, ట్యూబు శనివారం... అయితే ఏంటి? ముందు ఇంకేదో పెట్టి ఉంటుంది, తర్వాత ఇది తెచ్చుంటుంది. నవంబర్‌లో రెండోది తెచ్చింది. డిసెంబర్‌లో మూడోది. నెల తిరిగేసరికి ఒకటి. అయిపోయిందా అని అడగదు, వాడుతున్నారా అని అడగదు. బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంది. మరి అది అనుమానించాల్సిన సంగతి కాదా?

ఏం చూస్తున్నారు అలా తిప్పి తిప్పి? మూత కిందా? ... అవును, ఆ వెండి రేకు అలాగే ఉంది. మూడింటికీ అలాగే ఉంది. నేనే తీయనివ్వలేదు. లేసు దారాల డబ్బాలో అడుగున దాచాను. పేస్టేదని పిల్ల అడిగితే ఎలకలు ఎత్తుకుపోయాయన్నాను. పాపం, అది నమ్మింది. ఎలకలకి పళ్ళు తెల్లగా ఉంటాయేమో నానమ్మా అంది కూడా.

...

అంటే... మీరనేది నాకర్థమైంది. మూతే తీయని పేస్టు పళ్ళెలా పాడుచేసిందని. ఏమో! వాసన తగిలిందేమో! మీరు చదువుకున్నవాళ్ళు, మీరే చెప్పాలి.

ఎవరు తోముతారా? పళ్ళా? నేనే తోముతాను. అడుగుతున్న తీరు చూస్తే నన్నే దొంగని చేసేలా ఉన్నారే! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడానికి నాకేం పట్టింది? దాచడానికేం లేదు, వినండి. పొయ్యిలో బొగ్గు తీసి మెత్తగా నూరతాను. గుడ్డలో జల్లిస్తాను కూడా, పిల్లకని. అందులో చిటికెడు వంటసోడా, నాలుగు చుక్కలు నిమ్మరసం. గట్టి బ్రష్షు. మెత్తటివి నాకు నచ్చవు, వాటితో తోమితే పిల్లి నాకినట్టుంటుంది. మా అమ్మ నాకు ఇలాగే తోమింది, వాళ్ళమ్మ ఆవిడకి ఇలాగే తోమింది.

నాకిప్పుడు ఎన్ని పళ్ళున్నాయా? ... అది వేరే సంగతి. వయసు మీద పడ్డాక ఎవరికైనా ఊడతాయి.

నలభై ఏళ్ళకే ఊడాయి. సరేనా? అడిగారుగా.

రోజుకోసారి. పొద్దున్నే. సెప్టెంబర్‌లో మొదలుపెట్టా. డిసెంబర్ దగ్గరపడ్డాక రెండుసార్లు... మూడుసార్లు. కోసీదో తాగాక కూడా, రంగు అంటుకోకుండా.

ఎందుకంటే కొత్త పళ్ళు పచ్చగా వచ్చాయి! పాలపళ్ళు ముత్యాల్లా ఉండేవి. ముందర రెండు ఊడి, వాటి చోట వచ్చినవి చూస్తే మొక్కజొన్న గింజల్లా ఉన్నాయి. పెద్ద, పచ్చటి పళ్ళు. ఏంటి, అందరికీ అంతేనా? పాలపళ్ళ పక్కన కొత్తవి పచ్చగానే కనిపిస్తాయా? అది రోగం కాదా? మరి ఆ మాట నాకెవరు చెప్పారు? నేను ఒక్కదాన్నే పెంచాను డాక్టరమ్మా. పక్కన అడగడానికి పస్తోరా తప్ప ఎవరున్నారు?

డిసెంబర్ ఎనిమిదిన చర్చిలో దానికి మొదటి కమ్యూనియన్. గౌను నేనే అల్లాను, మొత్తం లేసే, కుట్టు మిషను ముట్టుకోలేదు. ఎనిమిది నెలలు పట్టింది. చక్రం తర్వాత చక్రం, ఒక్కో పువ్వూ సూదిమొనతో ఎత్తి అల్లాను. మంచులా ఉంది. ఆ తెలుపు పక్కన ఆ పచ్చటి పళ్ళు ఎలా ఉంటాయి, చెప్పండి? పైగా లూకే వాళ్ళంతా వస్తారు. ఆవిడ తల్లి, అక్కలు, అందరూ ముందు బెంచీలో కూర్చుంటారు. చూశావా, ముసలిదానికి పిల్ల పళ్ళు తోమించడం కూడా చేతకాదు, అని గుసగుసలాడుకోరూ? అందుకని తోమాను. కసిగా తోమాను.

ఫొటో చూస్తారా? సంచీలోనే ఉంది. ఇదిగో. ఫొటో తీసేవాడు నవ్వమ్మా నవ్వమ్మా అని గొంతు చించుకున్నాడు. గుడి మెట్ల మీద గాలి వీస్తోంది. అది పెదాలు ఎలా బిగించుకుందో చూడండి. మూడు నెలలు తోమిన పళ్ళు, ఒక్కటి కూడా ఫొటోలో పడలేదు.

చెప్పండి. వింటున్నా.

పంటి మీద గట్టి పొర ఉంటుంది. ఊఁ. కొత్తగా మొలిచిన పంటికి అది ఇంకా ముదిరి ఉండదు. పులుపు తగిలితే మెత్తబడుతుంది. ఆ మెత్తబడ్డప్పుడే బొగ్గుతో రుద్దితే... సున్నం ఆరకముందే గోడ గీకినట్టన్నమాట. ఊఁ. చిగుళ్ళ దగ్గర ఎక్కువ అరిగింది. అక్కడ చల్లటిది తగిలినా, వేడిది తగిలినా, గాలి తగిలినా లోపల నరం దాకా జివ్వుమంటుంది.

పోయిన పొర మళ్ళీ వస్తుందా?

... రాదా.

కానీ జివ్వుమనడం తగ్గుతుందా? నిజంగా తగ్గుతుందా? ఇవాళ పైన మందు పూత పూస్తారు, మళ్ళీ మూడు నెలలకోసారి. మెత్తటి బ్రష్షు. ఈ పేస్టే, చిక్కుడుగింజంత. పులుపు తిన్నాక గంటసేపు తోమకూడదు. పంపరపనస రసం కొన్నాళ్ళు వద్దు, ఐసు వద్దు. బొగ్గు జోలికి మాత్రం జన్మలో పోకూడదు. అంతేగా? ఇంతేగా?

ఇందాక నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు కదా. అప్పుడు అది మీతో ఏదో అంటోంది, తలుపు ఇవతలకి గొంతు వినిపించింది. ఏమంది? నా మీద ఏదైనా చెప్పిందా? చెప్పండి, ఏమీ అనుకోను.

"నొప్పి అంటే నానమ్మ ఏడుస్తుంది" అందా?

"నానమ్మ నా కోసం బొగ్గు నూరుతుంది, చేతులన్నీ నల్లగా అయిపోతాయి" అందా?

అందుకని చెప్పలేదా. అందుకని థాంక్స్ అందా. నోరు విప్పి నొప్పని చెప్పలేక, తాగలేక, మర్యాదగా ఆ మాటన్నదన్నమాట. నేను దానితో నాలుగు రోజులు మాట్లాడలేదు డాక్టరమ్మా. నాలుగు రోజులు. అన్నం పెట్టి పక్కకి తిరిగి కూర్చున్నా.

నర్సమ్మా, ఆ తలుపు కాస్త దగ్గరగా వేస్తావా తల్లీ. పిల్ల వరండాలోనే ఉంది. నువ్వూ దాని దగ్గర కూర్చో.

డాక్టరమ్మా, ఇంకొకటుంది.

మొదటి డబ్బాలో ఒక కాగితం ఉంది. అన్ని డబ్బాల్లో ఉండే అచ్చు కాగితం కాదు, చేత్తో రాసింది. ఇదిగో, చూడండి. లూకేలో పళ్ళ డాక్టరు రాసిచ్చింది. పైన యెరుతి పేరు, ఎనిమిదేళ్ళని వయసు. ఆ శనివారం ఐస్‌క్రీం కొరికి ఇది గుక్కపట్టి ఏడిస్తే, ఆవిడ అటునుంచటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నాలుగు గంటలు అందుకే పట్టింది. కింద చూడండి. బొగ్గు, సోడా, నిమ్మరసం పూర్తిగా మానాలి. గట్టి బ్రష్షు మానాలి. కింద రెండు గీతలు కూడా కొట్టారు.

మీరిప్పుడు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. నాకు కొత్తేం కాదు. ఆవిడ బస్సెక్కగానే చదివాను. పొయ్యి దగ్గర నిలబడి రెండుసార్లు చదివాను.

చదివి కూడా తోమాను.

మానితే ఆవిడ మాట నిజమని ఒప్పుకున్నట్టు కదా! ఒప్పుకుంటే పిల్లని పెంచడం నాకు చేతకాదని నా నోటితో నేనే అన్నట్టు కదా! ఒక్క పొద్దున మానేసినా పిల్లే అడుగుతుంది, ఇవాళ తోమవా నానమ్మా అని. ఏం చెప్పను? అందుకని ఇంకా గట్టిగా తోమాను. ఇంకా తెల్లబడితే చాలు, అప్పుడు ఎవరూ నోరెత్తరు అనుకున్నా. అది కళ్ళు మూసుకుని నా గౌను అంచు పట్టుకుని నిలబడేది. కళ్ళలోంచి నీళ్ళు కారేవి. సోడా ఘాటుకి అనుకున్నా.

అనుకోలేదు. అలా అని నాకు నేను చెప్పుకున్నా.

ఆవిడకి అక్టోబర్ నుంచీ తెలుసు. పళ్ళు అరగదీస్తోంది నేనేనని తెలుసు. మా డెర్లిస్‌కి చెప్పలేదు. చెప్పుంటే వాడు అదే రోజు పిల్లని ఎత్తుకుపోయేవాడు. మునిసిపాలిటీలో పెట్టిన అర్జీ నేను చూశాను, నాలుగు పేజీలు. మూలమూలలా వెతికాను, నా మీద ఏం రాసిందో అని. లూకేలో బడి దగ్గరని రాశారు, గది వేరేగా ఉందని రాశారు, వారం వారం నానమ్మ దగ్గరికి తీసుకొస్తామని రాశారు. పళ్ళ మాటే లేదు. ఒక్క వాక్యం రాస్తే పిల్ల ఆవిడదైపోయేది, రాయలేదు. దొంగకి తేలు కుట్టినట్టు నేను కిక్కురుమనకుండా ఊరుకున్నా. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఇవాళ ఆవిడ మీద కాగితం రాయించుకుందామని మీ దగ్గరికి వచ్చాను. ఆవిడ కొన్న ట్యూబులే సంచీలో వేసుకుని వచ్చాను!

మీరేం అనకండి. నన్ను ఓదార్చకండి, మీ వయసుకి మించిన పని అది. నేనడిగిన కాగితం ఇంకా రాయలేదుగా? మంచిది. రాయకండి. సోమవారం ఉత్త చేతుల్తోనే వెళ్తాను.

పూత పూయండి ముందు. నొప్పి పెట్టదు కదా? బ్రష్షుతో పూస్తారా, ఎలాంటిది? చూపించండి. ... ఊఁ, మెత్తగానే ఉంది.

ఇదేం ఫారం? పేరు, వయసు రాశారు. ఇంటి దగ్గర రోజూ పళ్ళు ఎవరు చూసుకుంటారో వాళ్ళ పేరా? మళ్ళీ పూతకి ఎవరు తీసుకొస్తారో కూడానా? ఆగండి, ఆగండి. నా పేరు రాయకండి.

మాబెల్. మాబెల్ రోలోన్. రోలోన్‌కి చివర్లో న్. ఉండేది లూకేలో.

పిల్లకి ఏమవుతుందా? ఏంటి, సవతి అని మొదలుపెట్టారా అప్పుడే? కొట్టేయండి. తల్లి అని రాయండి.

ఎందుకలా చూస్తారు? అడిగారు, చెప్పాను. రాసుకోండి.